బందెలదొడ్డి రాళ్ల పంచాది

మీలో ఎవలికన్న ఊరికి మంచిపని చెయ్యాలని బుద్ధి పుడితె, ముందుగాల ఒక బీపీ గోలి ఏస్కోండ్రి. తర్వాత మంచంల ఒరిగి, ఆ బుద్ధి దిగేదాక లేవకుండ్రి. గిట్ల చెప్తె మీరు ఇనరని నాకు ఎరుకే. నౌకరిల కొత్తగ చేరినప్పుడు నాకు చెప్పినోళ్ల మాట నేను ఇన్ననా? ఇనకపోతె ఏమైతదో తెలుస్తదని గీ ముచ్చట రాస్తున్న.

నేను డ్రాయింగ్ మాస్టరుగ చేసి రిటైరైన. డ్రాయింగ్ మాస్టరంటే బొమ్మలు నేర్పెటోడని మీరనుకుంటరు. సర్కారు బడిల డ్రాయింగ్ మాస్టరంటే గోడలకు సూక్తులు రాసెటోడు, జెండా పండుగకు ముగ్గు పోయించెటోడు, లెక్కల సారు సెలవు పెడితె ఆ క్లాసుల పోయి కూసునెటోడు. జనగామ దిక్కు రఘునాథపల్లి కాడ మొదలువెట్టిన. నడిమిట్ల భూపాలపల్లి దిక్కు చేసిన. ఆడి పిల్లలు చెట్టు గీసినా ఆకులకు నల్లరంగే ఏస్తుండె, బొగ్గు దుమ్ము చూసి చూసి. ఆఖరికి మహబూబాబాద్ జిల్లాల, తొర్రూరు నుంచి లోపటికి పోయే తొవ్వల ఒక ఊరికి ఏసిండ్రు. రిటైరయ్యేదాక ఆడనే ఉన్న.

ఆ బడిల డ్రాయింగుకు ఒక అర్ర ఉన్నదని చెప్తె ఖుషిగ పోయి తలుపు తీసిన. కప్పు దాక మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు. "చెట్టు కింద చెప్పుకోండ్రి సార్, బొమ్మలకు గాలి మంచిది" అన్నడు హెడ్మాస్టరు. బొమ్మలకు గాలి మంచిదట! గాలికి కాయితాలు ఎగిరిపోతుంటె వాటెనుక నేను ఉరుకుడు, నా ఎనుక పిల్లలు ఉరుకుడు. పీటీ సారు కంటె నేనే ఎక్కువ ఉరికిన.

ఊరి పక్కపొంటి ఒక లంబాడి తండ ఉండె. మిరపకాయలు ఏరే రోజుల్ల తండ పిల్లలు బడికి రారు. వాళ్లను పిలుచుకరమ్మని నన్నే తోలేటోళ్లు, డ్రాయింగుకు పరీక్ష లేదు గదా అని. అట్ల పోయినప్పుడు ఒక ముసలామె పరిచయమైంది. తండ అంత ఆమెను యాడి అంటది, వాళ్ల భాషల అమ్మ అని. నేను గూడ యాడీ అనే పిలిచిన. మొదటిరోజే ఆమె తన మనుమరాలి డ్రాయింగు పుస్తకం నా ముంగట తెరిచి, "గీ పువ్వు నువ్వే నేర్పినవా సారు? వంకరున్నది" అన్నది.

నాకు మస్తు కోపమొచ్చింది. "ఏదీ, సక్కటిది నువ్వు చూపెట్టు" అన్న.

ఆమె మంచం కింద నుంచి రేకు పెట్టె గుంజింది. ఒక్కొక్క బట్ట తీసి మంచం మీద పరుస్తుంటె నేను మోకాళ్ల మీద కూసోని చూసిన. ఎర్రబట్ట మీద అద్దాలు, గవ్వలు, పసుపుపచ్చ దారం, నీలం దారం. ఒక్క పువ్వు ఇంకో పువ్వు లెక్క లేదు. పెండ్లి కాకముందు నుంచి కుట్టుకుంట వచ్చినయట. బిడ్డలు, కోడండ్లు మిషను చీరలు కట్టవట్టిండ్రు, గివి ఎవ్వలకూ అక్కర లేకుంటయినయి.

"మంచం మీద రెండు పడతయి, మూడోది పరిస్తె మొదటిది కిందవడ్తది. అన్ని ఒక్కతాన పరిచి నేనెన్నడు సూడలే సారు" అన్నది. "షుగరు తోని కండ్లు పోతున్నయని దవాఖానల చెప్పిండ్రు. పోకముందు ఒక్కపారి అన్ని కలిపి సూడాలె."

గంతే ఆమె కోరిక. సినిమా యాక్టరు కావాలనలే, చంద్రుని మీదికి తోలియ్యమనలే. ఒక పెద్ద గోడ కావాలె. నేను వెతకవట్టిన. బడిల బియ్యం. కమ్యూనిటీ హాలుల ఎరువుల బస్తాలు. మిగిలిన గోడలన్నిటి మీద దండం పెట్టే లీడర్ల బొమ్మలు. ఇగ ఊరవతల మిగిలింది ఒక్కటే, బందెలదొడ్డి.

మీకు బందెలదొడ్డి తెలువకపోవచ్చు. ఎవలి గొడ్డన్న పక్కోని చేన్ల పడి మేస్తె, దాన్ని తోలుకపోయి ఆ దొడ్డిల పెట్టి తాళమేసేటోళ్లు. జుల్మానా కడితెనే ఇడిసేది. మా ఊరి దొడ్డి గుండ్రంగ, మనిషెత్తు గోడతోని కట్టింది. సున్నం లేదు, మట్టి లేదు, ఉత్త రాయి మీద రాయి పేర్చుడే. ఇప్పుడు సగం కూలి, లోపట సర్కారు తుమ్మలు మొలిచి, పందులు తిరుగుతున్నయి. నాకైతె బంగారం దొరికినట్టే అనిపించింది. రాళ్ల సందుల్ల కట్టెపుల్ల గుచ్చితె చాలు, బట్ట ఏలాడదియ్యొచ్చు. పిల్లల బొమ్మలు గూడ పెట్టొచ్చు. ఎగురుకుంట తండకు పోయి చెప్పిన.

యాడి ముఖం తిప్పుకున్నది. "నేను ఆడికి రాను."

ఎందుకో అప్పుడు చెప్పింది. ఆమె కొత్తగ కాపురానికి వచ్చిన రోజులు. ఈనిన ఆవు పటేలు జొన్నచేన్ల పడ్డదని జీతగాండ్లు తోలుకపోయి దొడ్డిల పెట్టిండ్రు. లేగ ఇంటికాడ ఉన్నది, పాలకు అరుస్తున్నది. ఈమె పోయి పటేలు కాళ్లు మొక్కింది. జుల్మానా తర్వాత కడతం, ఒక్క పూట పాలు తాగనియ్యుండ్రి, లేగను ఈడికే తోలుకొస్త అని. తాళంచెవి ఆయన మొలకు ఉన్నది. "పొద్దుగాల రాపో" అన్నడు. పొద్దుగాల పోతె ఆయన పెండ్లికి పోయిండు, తాళంచెవి ఆయనతోనే పాయె. ఆయన తిరిగొచ్చేదాక లేగ బతకలే.

ఊర్ల ఉన్నది ఒక్క గోడ, అది గూడ ఆమె కన్నెత్తి చూడని గోడ! వచ్చి మళ్ల పోయిన. బతిమిలాడిన. ఆఖరికి ఆమె ఒక మాట అన్నది. "తలుపు పెట్టొద్దు. దొడ్డికి తలుపు లేదని నీ నోటితోని చెప్పిననాడు వస్త."

తలుపు పెట్టకపోవుడు ఎంత అల్కటి పనో సూడుండ్రి అనుకున్న. నా అంత పిచ్చోడు తొర్రూరు నుంచి డోర్నకల్ దాక ఉండడు.

సర్పంచి దగ్గరికి పోతె ఆయన నవ్విండు. "ఆ రాళ్లు మురికినీళ్ల మోరి కింద నింపుదామని తీర్మానమైంది సార్. సరే, మీరు పెద్దమనిషి అడిగిండ్రు. వానలు పడేదాక ఆగుత. అప్పటికి గోడ నిలవడితె మీది. లేకుంటె జేసీబీ పెట్టి ఎత్తిస్త." పైసలియ్య, సిమెంటియ్య అని గూడ చెప్పిండు. సిమెంటు నాకూ వద్దు, సందులు పూడితె పుల్లలు యాడ గుచ్చాలె? ఆ మాట గోడ కట్టవచ్చిన మేస్త్రికి ఎన్నిసార్లు చెప్పిన్నో. ఊరోడే, కూలి అడగకుంట పనికొచ్చిండు గని, పొద్దుగాల లేస్తె ఒక్కటే పాట. "బస్తెడు సిమెంటు కొట్టుండ్రి సారు, మీ మనుమల మనుమలు సుత చూస్తరు." నేనెంత చెప్పినా చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే.

అసలు తిప్పలు రాళ్ల కాడ మొదలైంది. కూలిన సగం గోడ రాళ్లు దొడ్డి కాడ లేవు. ఊర్ల తిరిగి చూస్తె ఎవలి వాకిట్ల చూసినా దొడ్డి రాయే. ఒకలింట్ల బట్టలుతికే బండ, ఒకలింట్ల కుడితి గోలెం కింద ఆసరా, పటేలు ఇంటి ముంగట మెట్టు. దయచేసి రాళ్లు తిరిగి ఇయ్యుండ్రని ఊరి వాట్సప్ గ్రూపుల పెట్టిన. దండం పెట్టే బొమ్మలు కుప్పలు వచ్చినయి. రాయి ఒక్కటి రాలే.

మరి రాళ్లు ఎట్ల వచ్చినయంటె, పటేలు కొడుకు పుణ్యాన. పటేలు పోయి శాన ఏండ్లాయె, కొడుకును ఊరంత చిన్న పటేలంటది. ఆయన తన ఇంటి మెట్టును ట్రాక్టరుల ఏసుకొచ్చి దించిండు. అంత పెద్దరాయి, మంచమంత ఉన్నది. సంబరపడి దగ్గరికి పోతె దాని మీద ఎర్ర పెయింటు తోని వాళ్ల బాపు పేరు, కింద 'జ్ఞాపకార్థం' అని. తొర్రూరు నుంచి పెయింటరును పిలిపించి రాయించిండట. ఫోటో తీసి గ్రూపుల పెట్టిండు.

ఇగ చూస్కోండ్రి! తెల్లారేటాల్లకు ఊరు కదిలింది. బండల మీద, గుండ్ల మీద, దంచే రోలు మీద గూడ పేరు రాసుకోని మోసుకొచ్చిండ్రు. మా నాయిన, మా తాత, మా అత్త. కొందరు పేరు రాసియ్యమని నా ఇంటికే వచ్చిండ్రు, డ్రాయింగ్ సారు గదా అని. నేను తలుపు మూసుకున్న. పొద్దుగూకేటాల్లకు దొడ్డి కాడ పడ్డ రాళ్లు చూస్తె, రాళ్లన్ని వచ్చినందుకు నవ్వాలెనో, గా పేర్లు చూసి ఏడ్వాలెనో సమజ్ కాలే.

రాయి మీద రాయి పేర్చే గోడకు ఒక్కటే సూత్రం. పెద్దరాళ్లు కింద, చిన్నవి మీద, సందుల్ల గులకరాళ్లు. గిది నేను కనిపెట్టింది కాదు. చేను చుట్టు రాళ్ల ఒడ్డు పెట్టిన ప్రతి రైతుకు ఎరుకే. ఆ ఊర్ల తెల్వనోడు ఒక్కడు లేడు. అయినా పెద్దరాయి ఎత్తబోతె చిన్న పటేలు అడ్డమొచ్చిండు. "మా బాపు పేరు కిందవెడితె రేపు కుక్క కాలెత్తదా సార్? మీద పెట్టుండ్రి, అందరికి కానొస్తది."

"సరే, మీద పెడితె కిందికి ఎవలిది పెట్టాలె?"

ఒక రైతు ఎగిరి పడ్డడు. "వాళ్ల బాపు మీదుండి మా నాయిన కిందుంటడా? గా రోజులు పోయినయి సారు!"

నిజమే, పోయినయి. పోవాలె గూడ. గని గోడ యాడికి పోవాలె? అందరు పల్లకి ఎక్కితె మోసెటోడెవడని మా నాయన అంటుండె. ఎవ్వని రాయీ కిందికి పోదు, గోడ లేవదు. దినం పొద్దుగాల వచ్చుడు, లొల్లి పెట్టుకునుడు, చాయ తాగి ఇంటికి పోవుడు.

అంతల పదో తరగతి పరీక్షల డ్యూటీ పడ్డది. నేను మహబూబాబాద్ పోయిన. డ్యూటీ అయిపోయి వస్తుంటె బస్సులకెల్లి దొడ్డి గోడ కనవడ్డది, లేచి నిలవడ్డది! దిగి ఉరికిన. దగ్గరికి పోతె గోడంత తలకిందులు. కింద గులకరాళ్లు, నడుమ నడిపి రాళ్లు, మీద పటేలు బండ, దాని పక్కపొంటి పెద్దోళ్ల రాళ్లన్ని వరుసగ. పేర్లన్ని తళతళ మెరుస్తున్నయి. మేస్త్రి మీసం దువ్వుకుంటుండు. "అందరి మాట నిలవెట్టిన సారు" అన్నడు.

గోడ అప్పటికే నడుమ కాడ ఉబ్బింది. "దూరం జరుగుండ్రి" అని నేను ఒర్రుతనే ఉన్న. ఎవలిదో మేక కింద నుంచి దుంకి గోడ ఎక్కింది. దడదడమని గోడంత ముంగటికి పడ్డది. మేక మంచిగనే ఉన్నది, ఆకు తినుకుంట పోయింది. పేర్లన్ని బోర్ల పడ్డయి.

"మేక ఎక్కకుంటె నిలవడేది" అన్నడు మేస్త్రి. "ఎవలిది ఆ మేక?" అని అడిగిండు చిన్న పటేలు. ఇగ మేక ఎవలిదని ఒక పంచాది! నా నౌకరిల పిల్లల మీద చెయ్యెత్తలే. ఆ రోజు చేతులు ఎనుకకు పెట్టుకోని ఇంటికి పోయిన.

ఎండకాలం సెలవులు గడిచినయి. మబ్బులు దిగవట్టినయి. యాడి మనుమరాలు బడిల నా దగ్గరికొచ్చి, నాయినమ్మకు సూది బెజ్జం కండ్లకు ఆనుతలేదు సారు, దారం నేనే ఎక్కిస్తున్న అన్నది. ఆ మాట కడుపుల పడ్డంక నిద్ర పట్టలే. పొద్దుగాల దొడ్డి కాడికి పోయేటాల్లకు సర్పంచి జేసీబీ తెచ్చి నిలవెట్టిండు. "ఇగ ఎన్నొద్దులు సార్? వాన పడితె మోరి పని ఆగిపోతది" అన్నడు. ఆయన తప్పు గూడ లేదు. ఊరంత వచ్చి చేతులు కట్టుకోని నిలవడ్డది.

నాకు ఆగలే. మోస్తరుగ మాట్లాడే మనిషిని గాదు నేను, ఆ రోజైతె నోటికెంతొస్తె అంత అన్న. "మీ బాపుల పేర్లు మోరి కింద పడితె బాగుంటదా? కుక్కలు కాదు, ఊరి మురికంత మీదికెల్లి పోతది! ఒక ముసలామె కండ్లు పోతున్నయి, ఒక్క గోడ అడిగింది. మీరు మనుషులేనా?" తలలు దించుకున్నరు గని రాళ్లు కిందికి దించలే.

అప్పుడు పటేలమ్మ వచ్చింది. పోయిన పటేలు భార్య, చిన్న పటేలు తల్లి. నడుము వంగి, కట్టె పట్టుకోని, కోడలు సాయంతోని. గడప దాటక ఎన్నేండ్లో అయిందంటరు. నా ఒర్రుడు వాళ్లింటి దాక ఇనవడ్డదట.

"ఏందిరా లొల్లి? ఏది మీ బాపు రాయి?" అని కొడుకును అడిగింది.

ఆయన చూపెట్టిండు. ఆమె కట్టెతోని ఆ బండను తట్టింది. "గిది మనింటి మెట్టు గాదురా? గిన్నేండ్లు అందరం దీని మీద కాళ్లు పెట్టే నడిస్తిమి. పేరు రాయంగనె దేవుడైండా?"

"అట్ల గాదు అవ్వ, నలుగురు..."

"నలుగురు ఏందిరా. బతికినన్నొద్దులు మీ బాపు బరువు ఊరంత మోసింది. ఇప్పుడు ఊరి బరువు జర ఆయన మొయ్యనీయి. కింద పెట్టుండ్రి."

ఆమెకు ఎదురు చెప్పేటోడు ఊర్ల లేడు, కొడుకైతె అసలే లేడు. అందరం కలిసి గడ్డపారలు ఏసి ఆ బండను పునాదిల దొర్లిచ్చినం.

అయిపోయింది, సుఖపడ్డమని అనుకుంటుండ్రా? మీకు మన ఊర్లు తెల్వయి. ఆ బండ పడ్డదో లేదో, అప్పుడు ఎగిరిన రైతే మళ్ల ఎగిరిండు. "పటేలొక్కడే మోస్తడా ఊరి బరువు? మా నాయిన మొయ్యడా? మాది గూడ కిందనే ఏయుండ్రి!" ఇంకొకడు, ఇంకొకడు. ఇగ అందరి రాళ్లు పునాదికే కావాలె! మీద పెట్టెతందుకు ఒక్క రాయి ఇచ్చెటోడు లేడు. నేను నెత్తి పట్టుకోని ఆడనే కూలవడ్డ. సర్పంచి నవ్వలేక కడుపు పట్టుకున్నడు, జేసీబోన్ని ఇంటికి పొమ్మన్నడు. ఆఖరికి సైజు చూసి పెట్టుడు, ఎవ్వలు నోరెత్తొద్దని ఆయనే తేల్చిండు. తండ మొగోళ్లు గూడ వచ్చి చెయ్యేసిండ్రు. వాళ్లింట్ల ఒక్క దొడ్డి రాయి లేకుండె, ఆ రాళ్లను ముట్టెతందుకే భయం ఉండెనట. వాన పడే ముంగట గోడ లేచింది. మేస్త్రి గోడ మీద ఒక మేకను ఎక్కిచ్చి చూసిండు. నిలిచింది.

తెల్లారి చిన్న పటేలు ఇనుప గేటు తెచ్చిండు.

పేరు కిందికి పోయింది గదా, గేటు మీదనన్న ఉండాలెనట. వాళ్ల బాపు పేరు అక్షరానికి జానెడు. తాళం గూడ తెచ్చిండు! నాకు నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో. కోపం చేస్తె గేటు పోదని అప్పటికి నాకు బుద్ధొచ్చింది. "పటేలా, దొడ్డి ఊరవతల ఉన్నది, నీ గేటు చూసెటోడెవడు? బడికి గేటు లేక బర్రెలొచ్చి పిల్లల బువ్వ తింటున్నయి. ఆడ పెట్టు, దినం ఊరి పిల్లలందరు మీ బాపు పేరు సదువుతరు" అన్న. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇప్పటికీ బడికి ఉన్నది గదే గేటు.

బొమ్మలు పెట్టిన నాడు యాడి పెట్టెతోని ఆటోల వచ్చింది. దొడ్డి కాడ దిగి, లోపటికి పోయే సందు ముంగట ఆగింది. చేతులు రెండు దిక్కుల రాళ్ల మీద పెట్టి, మీద నుంచి కింద దాక తడిమి చూసింది. "తలుపు లేదని నీ నోటితోని చెప్పు సారు."

"తలుపు లేదు యాడీ. పెట్టనియ్య."

లోపటికొచ్చింది. ఆమె ఇచ్చుకుంట పోతుంటె తండ ఆడపిల్లలు సందుల్ల పుల్లలు గుచ్చి ఒక్కొక్కటి ఏలాడదీసిండ్రు. గుండ్రటి గోడంత ఎర్రగ నిండింది. ఎండ పడి అద్దాలు మెరుస్తుంటె, ఊరోళ్లు చెప్పులు ఇడిసి లోపటికి వచ్చిండ్రు, నేనేం ఇడువుండ్రి అనలే. యాడి ముఖం బట్టలకు ఆనిచ్చుకుంట గోడ పొంటి నడిచింది. తిరిగొచ్చి నడుమ నిలవడి చుట్టు చూసింది.

పెట్టె అడుగున ఇంకోటి మిగిలి ఉన్నది. అరచెయ్యంత బట్ట, చుట్టు గవ్వలు, రెండు దిక్కుల తాళ్లు. ఆమె దాన్ని తీసి, గోడకు ఒక తావు వెతుకుతున్నది. పటేలమ్మకు బడి నుంచి కుర్చీ తెప్పిచ్చినం, ఆమె ఆ పక్కనే కూసోని ఉన్నది.

"గింత చిన్నగున్నది, గిది ఎవలికి కుట్టినవే?" అని అడిగింది పటేలమ్మ.

"లేగకు" అన్నది యాడి. "నొసటికి కడదామని కుట్టిన. కట్టకముందే పాయె."

పటేలమ్మకు ఏ లేగనో ఇంకెవ్వలూ చెప్పే పని లేకుండె. ఆ రాత్రి తాళంచెవి ఎవలింట్ల ఉన్నదో ఆమెకు తెల్వదా? ఆమె కట్టె నాకిచ్చింది. కుర్చీల నుంచి మెల్లగ లేచింది. పోయి ఆ బట్ట ఒక తాడు కొస పట్టుకున్నది. రెండో కొస యాడి చేతుల ఉన్నది.

"జర మీదికి ఎత్తు పటేలమ్మా" అన్నది యాడి, తనకు కానరాక కండ్లు చిన్నగ చేసి. "ఇంకా మీదికి."

పటేలమ్మ ఎత్తింది.